ఇనుము విరిగెనేని... ‘ఇనుమారు’ అనాలా, ‘ఇరుమారు’ అనాలా?

వార్తాహరుడు:
దిగుమతి ఉక్కు మీద వేసే యాంటీ డంపింగ్ సుంకాల గురించి, అంటే సొంత దేశంలో కన్నా తక్కువ ధరకు బయటికి అమ్మే సరుకు మీద వేసే సుంకాల గురించి, ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకసారి విధించిన సుంకం అయిదేళ్లకు దానంతట అదే రద్దు కావాలని నియమం. కానీ గడువు దగ్గరపడుతూనే సమీక్ష మొదలవుతుంది. సుంకం తీసేస్తే డంపింగూ నష్టమూ మళ్లీ తలెత్తేలా ఉన్నాయని తేలిస్తే మరో అయిదేళ్లు సాగుతుంది. ఇలా రెండు మూడు పొడిగింపులు చూసిన ఉక్కు రకాలు తక్కువేమీ కావు. అందుకని వేమన పద్యం శీర్షికకు తీసుకుందామనుకున్నాను. ‘ఇనుము విరిగెనేని’ వరకు నోటికి వస్తోంది. ఆ తర్వాత ‘ఇనుమారు ముమ్మారు’ అనాలా, ‘ఇరుమారు ముమ్మారు’ అనాలా? రెండో పాదం ‘కాచి యతుక...’ దగ్గర ఆగిపోతోంది. పెద్దలు ఎవరైనా తేల్చి చెప్పగలరా?

ఛందోబంధు:
యతితో తేలదు, ముందే చెబుతున్నాను. రెండు పాఠాల్లోనూ నాలుగో గణం ‘ఇ’తోనే మొదలవుతోంది. గణమూ ఒకటే, సలం. వేమన ఆటవెలదిలో ఎక్కడైనా పాఠం అనుమానం వస్తే నేను మొదట యతిని అడుగుతాను. ఇక్కడ అది నోరు విప్పదు. నా ఓటు ‘ఇరుమారు’కే. ఇరువురు, ఇరువది, ఇరుకెలకులు అన్నట్టే ఇరుమారు. ‘ఇనుము’ అన్న మాట వెనకే రాయాల్సి వచ్చేసరికి లేఖరి చెయ్యి ‘ను’ వైపు జారింది, అంతే.

నిఘంటు పురుగు:
ఛందోబంధు గారూ, అంత తేలికగా లేఖరి మీదికి తోసేస్తే ఎలా? ‘ఇనుమడి’, ‘ఇనుమడించు’ అనే మాటలు రోజూ వాడుతున్నాం. అక్కడ ‘ఇను’ అంటే రెండే కదా. ఇనుమడి ఉన్న భాషలో ఇనుమారు ఉండకూడదా? పైగా ఇనుము, ఇనుమారు అని ఒకే పాదంలో పక్కపక్కన పడితే ఆ మోత వేమనకు ఇష్టమైన మోత. తెలియని మాటను తెలిసిన మాటగా మార్చడం లేఖరుల అలవాటు. ఇరుమారు అందరికీ తెలిసిన మాట, ఇనుమారు అరుదైన మాట. మార్పు ఎటు నుంచి ఎటు జరిగి ఉంటుందో మీరే చెప్పండి.

తాళపత్రం:
బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించే నాటికే ఒక్కో పద్యానికి ఎన్నో పాఠాలు ఉన్నాయి. అందుచేత ‘అసలు పాఠం’ అనే ఆశ వదులుకోవడం ఆరోగ్యానికి మంచిది. రెండో పాదానికీ అదే గతి. ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’ అని ఒకటి, ‘కాచి యతుకనేర్చు కమ్మరీడు’ అని ఇంకొకటి. రెండూ ఛందస్సుకు సరిపోతాయి. నాకు కమ్మరి ఉన్నదే ఇష్టం. ‘క్రమముగాను’ అనేది పాదం నింపడానికి తెచ్చిన మాట.

కొలిమి పక్కన:
పాదం నింపడానికి తెచ్చిన మాట కాదండీ. ఇనుము అతకడంలో క్రమమే అంతా. రెండు కొసలూ తెల్లగా మెరిసేదాకా కాచాలి, పైన పట్టే పెచ్చు పోవడానికి ఇసుకో వెలిగారమో చల్లాలి, వేడి దిగకముందే సుత్తి దెబ్బ పడాలి. మొదటి దెబ్బలు మెల్లగా, అతుకు పట్టాక గట్టిగా. ఒక్క కాపుతో పట్టకపోతే మళ్లీ కాచాలి. ‘ఇరుమారు ముమ్మారు’ అన్నది అందుకే. పండితులు పాఠాలు చూస్తారు, కొలిమి చూడరు.
ఇంకో సంగతి. అలా అన్నిటికన్నా తేలిగ్గా అతికేది చేత ఇనుము. పోత ఇనుమును కొలిమిలో పెట్టి కొడితే ముక్కలవుతుంది. కాబట్టి వేమన చెప్పింది చేత ఇనుము గురించే. వ్యాసమేమో ఉక్కు గురించి. శీర్షిక కుదరదు.

సుంకరి:
కొలిమి పక్కన గారు చెప్పిన తేడా సుంకాల పట్టికలోనూ ఉంది. కర్బనం 2 శాతం దాటితే అది దుక్క ఇనుము, లోపల ఉంటే ఉక్కు. కానీ ఈ వ్యవహారంలో ఇంతకన్నా చిన్న గీతలు ఉన్నాయి. మామూలు ఉక్కులో బోరాన్ 0.0008 శాతం చేరితే చాలు, పట్టికలో అది ‘మిశ్రమ ఉక్కు’ అవుతుంది. ఉక్కు రేకు చుట్ట అదే, మందం అదే, కొనేవాడు చేసే పనీ అదే. సంఖ్య మాత్రం మారుతుంది. మామూలు ఉక్కు మీద సుంకం పడగానే మిశ్రమ ఉక్కు దిగుమతులు పెరిగితే అధికారులు అనుమానంగా చూసేది ఇందుకే. ఇక్కడ ‘ను’, ‘రు’ అని వాదిస్తున్న వారికి ఇది అర్థమవుతుందనుకుంటాను.

వార్తాహరుడు:
సుంకరి గారి బోరాన్ సంగతి వ్యాసంలో పెట్టుకుంటాను. కానీ నా ప్రశ్న...

నిఘంటు పురుగు:
వస్తున్నాను. అసలు చిక్కు ‘కాచి’లో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. కాచు అంటే వేడి చేయడం, కాచు అంటే కాపాడటం కూడా. ‘కాచి యతుకవచ్చు’ అంటే ‘రక్షించి నిలబెట్టవచ్చు’ అని శ్లేష. దేశీయ పరిశ్రమ విరిగితే సుంకం వేసి కాచి అతుకుతారు, ఇనుమారు ముమ్మారు. శీర్షిక అద్భుతంగా కుదురుతుంది.

ఛందోబంధు:
శ్లేష మీది, వేమనది కాదు. ఆయన శ్లేషకు కూర్చుంటే మనకు తెలిసిపోతుంది. ‘ఉప్పు కప్పురంబు’ అన్న మనిషికి ఉప్పంటే ఉప్పే, కప్పురమంటే కప్పురమే. ఆయన పద్యం మెలిక తిరిగేది మూడో పాదంలో, ‘మనసు విరిగెనేని’ అన్న చోట. మొదటి రెండు పాదాలూ దానికి మెట్లు. మీరు మెట్ల మీదే కాపురం పెట్టారు.

సుంకరి:
శ్లేష సంగతి నాకు తెలియదు కానీ, యాంటీ డంపింగ్ సుంకాన్ని ‘కాపాడే సుంకం’ అనడం సరి కాదు. కాపాడటానికి వేరే సుంకం ఉంది, రక్షణ సుంకం. దిగుమతులు ఒక్కసారిగా వెల్లువెత్తితే, ఎవరి తప్పూ చూపించకుండానే, సాధారణంగా అన్ని దేశాల సరుకు మీదా వేసేది అది. యాంటీ డంపింగ్ అలా కాదు. ఫలానా దేశం, ఫలానా ఎగుమతిదారు, ఫలానా సరుకు అని వేలెత్తి చూపించాలి. డంపింగ్ రుజువు కావాలి, దేశీయ పరిశ్రమకు నష్టం రుజువు కావాలి, ఆ నష్టం దీనివల్లే అని కూడా రుజువు కావాలి. విడిగా నష్టం జరిగిందంటే చాలదు. గిరాకీ పడిపోయి నష్టపోయినవాడు దాన్ని దిగుమతుల ఖాతాలో రాయకూడదు.

తాళపత్రం:
ఇంతకూ డంపింగ్‌కు తెలుగు ఏమిటి? ‘కుమ్మరింపు’ అని కొందరు రాస్తున్నారు. కమ్మరి మీద కుమ్మరింపు అంటే వినడానికి బాగుంది, ఒక్క కొమ్ము తేడా.

సుంకరి:
వినడానికి బాగుంది కాబట్టే నాకు అనుమానం. కుమ్మరించడం అంటే కుప్పలుగా పోయడం. డంపింగ్‌లో కుప్ప ముఖ్యం కాదు, ధర ముఖ్యం. ఎగుమతిదారు తన దేశంలో టన్ను చుట్ట 100కు అమ్ముతూ బయటికి 80కి అమ్మితే అది డంపింగ్. రెండు ధరలనూ ఫ్యాక్టరీ గడప దగ్గరికి తెచ్చి పోల్చాలి, అంటే ఓడ కిరాయి, బీమా లాంటివి తీసేసి. తేడా 20. చాలామంది ఇక్కడ 20 శాతం అనేస్తారు. లెక్క ఎగుమతి ధర మీద కట్టాలి, కాబట్టి 25 శాతం. ఆ తేడా 2 శాతం కన్నా తక్కువైతే దర్యాప్తు అక్కడితో ముగుస్తుంది. ఒక దేశం నుంచి వచ్చే సరుకు మొత్తం దిగుమతుల్లో 3 శాతం కూడా లేకపోతే, సాధారణంగా ఆ దేశాన్ని వదిలేస్తారు. అక్కడ మాత్రం కుప్ప లెక్కకు వస్తుంది.

కొలిమి పక్కన:
తనకు నష్టం వచ్చే ధరకు ఎవరైనా ఎందుకు అమ్ముతారు? ఈ ప్రశ్న అడిగేవాడు పెద్ద కొలిమిని చూసి ఉండడు. ఊదుడు కొలిమిని (బ్లాస్ట్ ఫర్నేస్‌ను) ఇష్టమొచ్చినప్పుడు ఆర్పి ఇష్టమొచ్చినప్పుడు వెలిగించలేరు. లోపల లోహం గడ్డకడితే అది వదిలించుకోవడం మహా కష్టం. నడిపినా నడపకపోయినా అప్పు మీద వడ్డీ, మనుషుల జీతాలు తప్పవు. అందుకని సొంత దేశంలో గిరాకీ తగ్గితే, ముడిసరుకు ఖర్చు తిరిగొస్తే చాలని బయటికి పంపుతారు. ఉక్కు మీద ఇన్ని కేసులు ఉండటానికి కారణం దుర్బుద్ధి కన్నా ఈ కొలిమి స్వభావమే ఎక్కువ అని నా అభిప్రాయం.

శ్రీనాథుని వీరాభిమాని:
సుంకం, దిగుమతి అంటూ ఇంతసేపు మాట్లాడి శ్రీనాథుణ్ణి తలచుకోకపోవడం అన్యాయం. హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్య సెట్టి ఎవరు? ఓడల వర్తకుడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు దింపాడని కవిసార్వభౌముడు సీసంలో పొంగిపోయాడు. దిగుమతిదారుకు అంత ఘనత కట్టబెట్టిన కవి ఇంకొకడు లేడు. వేమన దగ్గర అంత వైభవం ఎక్కడిది?

సుంకరి:
ఆ పట్టికలో ఒక్కదాని మీద కూడా యాంటీ డంపింగ్ సుంకం అంత తేలిగ్గా పడదండీ. అలాంటి సరుకే తయారుచేసే దేశీయ పరిశ్రమ ఉండాలి, అది ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదును బలపరిచేవారి ఉత్పత్తి దేశంలోని మొత్తంలో 25 శాతమైనా ఉండాలి, అభిప్రాయం చెప్పినవారిలో సగానికి పైగా వాళ్లవైపు ఉండాలి. సింహళం ఏనుగులకు పోటీగా ఏనుగుల ఉత్పత్తిదారులు ఎవరున్నారు?

శ్రీనాథుని వీరాభిమాని:
సరే, ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ అని అంత్యదశలో వాపోయిన కవి కూడా ఆయనే. సుంకం బాధ ఆయనకు తెలిసినంత...

తాళపత్రం:
అది బొడ్డుపల్లె భూమి గుత్త బాకీ. కృష్ణ వరద పంట కొట్టుకుపోయిందని చాటువులోనే ఉంది. ఓడరేవు సుంకంతో దానికేం సంబంధం? అసలు ఆ చాటువు ఆయనదేనా అన్నది వేరే చర్చ, దాన్ని ఇక్కడ తెరవకండి.

ఛందోబంధు:
సుంకం అంటే నాకు గుర్తొచ్చేది సామెత, ‘సుంకరి ముందర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు’. మన సుంకరి గారు ఏమీ అనుకోకూడదు.

సుంకరి:
అనుకోను. కానీ ఈ సుంకం విషయంలో సామెత తిరగబడింది. ఇక్కడ సుఖదుఃఖాలు చెప్పుకోవాల్సిందే. ఎగుమతిదారుకు పెద్ద ప్రశ్నావళి పంపుతారు. ఏ గ్రేడు ఉక్కు, ఏ మందం, ఎవరికి, ఎంతకు, ఖర్చెంత అని అమ్మకాలన్నీ వరసపెట్టి రాయాలి. నిజాయతీగా రాసి లెక్కలు చూపించినవాడికి సాధారణంగా తన సొంత శాతం వస్తుంది. నోరు మూసుకున్నవాడికి దొరికిన సమాచారంతో కడతారు, అది మామూలుగా ఎక్కువే ఉంటుంది. దేశీయ పరిశ్రమ నష్టం పూడటానికి డంపింగ్ తేడా కన్నా తక్కువ సుంకం సరిపోతే ఆ తక్కువే వేయడం మంచిదని ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అంటుంది. మంచిదని మాత్రమే అంటుంది, తప్పదని అనదు. కొన్ని దేశాలు పాటిస్తాయి, కొన్ని పట్టించుకోవు.

కొలిమి పక్కన:
సుంకం పడితే సంతోషించేవాడు ఉక్కు చేసేవాడు. ఆ ఉక్కు కొని గొట్టాలు, మేకులు, యంత్రాలు చేసేవాడి మాట ఎవరూ ఎత్తడం లేదు. వాడికి ముడిసరుకు ధర పెరుగుతుంది. తయారైన మేకులేమో బయటి నుంచి సుంకం లేకుండా వస్తాయి. అప్పుడు వాడు కూడా ఫిర్యాదు పట్టుకుని బయలుదేరుతాడు. చుట్ట మీద మొదలైంది గొట్టం మీదికి, గొట్టం నుంచి ఇంకోదాని మీదికి. ఈ గొలుసుకు శీర్షిక కావాలంటే వేమన దగ్గర వేరే పద్యం వెతుక్కోవాలి.

నిఘంటు పురుగు:
అందుకే కాచులో శ్లేష ఉందన్నాను. ఒకణ్ణి కాస్తే ఇంకొకడు కాగుతాడు.

ఛందోబంధు:
ఇది ఒప్పుకుంటాను, బాగుంది. కానీ ఇది కూడా మీదే, వేమనది కాదు.

వార్తాహరుడు:
అందరికీ ధన్యవాదాలు. వ్యాసం ఇవ్వాల్సిన సమయం దగ్గరపడింది. ఈ రకం చట్టాల్లో మొదటిదిగా చెప్పుకునేది 1904 నాటి కెనడా చట్టం. అక్కడి నుంచి ఎత్తుకుని గడువు సమీక్షల దాకా వచ్చాను. శీర్షిక ‘ఇనుమారు ముమ్మారు’ అని పెట్టి పంపించేశాను. మోత బాగుందని తప్ప వేరే కారణం లేదు.

ఛందోబంధు:
మోత చూసి పాఠం నిర్ణయించే పద్ధతి మొదలైతే ఇక పరిష్కర్తలు ఎందుకు?

నిఘంటు పురుగు:
చెవి ఉన్న పరిష్కర్తలు ఆ పనే చేస్తారు.

తాళపత్రం:
అది తర్వాత. ‘మారు’లో ఉండాల్సింది బండి ఱ. మీరు శీర్షికలో ఏ ర వేశారు?