జింకలు ఎందుకు తగ్గాయో కెమెరా ట్రాపులు చెప్తాయా?

అడవిగాలి: ఎంఎస్సీ ప్రాజెక్టుకి అడవిలో కెమెరా ట్రాపులు (జంతువు ఎదురొస్తే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) పెట్టా. దుప్పులు తగ్గినచోట ఊరకుక్కలు ఎక్కువ పడ్డాయి, సరే కుక్కల వల్లే అని రాస్తే మా సార్ ఒప్పుకోవట్లేదు, గడ్డి లేకపోయినా తగ్గుతాయి కదా, ప్రయోగం చేయకుండా ఎలా చెప్తావ్ అంటున్నారు. అడవిలో ప్రయోగం ఏంటండీ అసలు??

మూడుకాళ్ళ కుందేలు: కెనడా యూకాన్‌లో క్రెబ్స్ అనే జీవావరణ శాస్త్రవేత్త టీమ్ చేసింది చదువు తమ్ముడూ. అక్కడ స్నోషూ కుందేళ్ళు దాదాపు పదేళ్ళకోసారి విపరీతంగా పెరిగి ఢమాల్న పడిపోతాయి, తిండి చాలకా లేక వేటాడే జంతువులు తినేసా అని ఏళ్ళతరబడి వాదన. వీళ్ళు 1986 నుంచి 1994 దాకా చదరపు కిలోమీటరు బ్లాకులు తీసుకుని కొన్నిట్లో మేత వేశారు, ఒకదానికి కరెంటు కంచె కట్టి లింక్స్ (ఓ రకం అడవిపిల్లి), కొయోటీలు (నక్కలాంటివి) రాకుండా ఆపారు, ఇంకోదాన్లో రెండూ చేశారు, కొన్నిటి జోలికే పోలేదు. ముట్టుకోని బ్లాకులతో పోలిస్తే కుందేళ్ళు కంచెలో సగటున రెండింతలు, మేత వేసినచోట మూడింతలు, రెండూ కలిపితే 11 రెట్లు! ఊరికే లెక్కపెడుతూ కూర్చుంటే ఈ ముడి విడేదా?

గూడకొంగ: ఆ 11 రెట్లు వచ్చిన బ్లాకు ఒక్కటే అన్నా, అదీ చెప్పు. గద్దలు, గుడ్లగూబలు కంచె పైనుంచి వస్తూనే ఉన్నాయి. ఇంత చేసినా చివరికి కుందేళ్ళు పడిపోయాయి, కాకపోతే లేటుగా.

మూడుకాళ్ళ కుందేలు: నిజమే. కానీ ముట్టుకోని బ్లాకులు పక్కన ఉండబట్టే కదా లేటయిందని తెలిసింది.

నల్లమల నాని: ఇవన్నీ కుందేళ్ళకి బాగానే ఉంటాయ్, పులులకి కంచె కట్టి చూస్తామా?

గూడకొంగ: పులులకి కుదరదు. కానీ మేనేజ్‌మెంట్ పేరుతో మనం చేసేవన్నీ ప్రయోగాలే, కంట్రోల్ (పోల్చి చూడ్డానికి ముట్టుకోకుండా వదిలేసే చోటు) పెట్టం అంతే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో 1982లో గేదెల మేపు ఆపేశారు, పక్షులకి మంచిదనుకున్నారు, తీరా గడ్డి పెరిగిపోయి నీళ్ళని కప్పేసింది. ముందు ఒక మూల ఆపి చూసుంటే పోయేదేముంది? మన కర్నూలు వైపు రోళ్ళపాడు అభయారణ్యమూ అంతే, బట్టమేక పిట్ట కోసం కాపలా పెడితే కృష్ణజింకలు పెరిగాయి, పిట్ట తగ్గిపోయింది, ఎందుకంటే తలా ఒక కారణం చెప్తారు.

అడవిగాలి: మరి నాలాంటోడు ఏం చేయాలి, బడ్జెట్ లేదు

మూడుకాళ్ళ కుందేలు: ముందు ఫారెస్టోళ్ళ పర్మిషన్. తర్వాత కుక్కలున్నచోట కొన్ని, లేనిచోట కొన్ని చిన్న ప్లాట్లకి దుప్పులు లోపలికి రాకుండా మెష్ కట్టు, ప్రతిదాని పక్కన అంతే సైజు ప్లాటు ఓపెన్‌గా వదిలెయ్, ఏది ఎక్కడో చీటీలు తీసి డిసైడ్ చెయ్, లేకపోతే తెలీకుండానే గడ్డి బాగున్నచోటే కంచె కడతాం. కంచె లోపలా, ఓపెన్ ప్లాటులోనూ గడ్డి బాగానే ఉంటే కనీసం మేత చాలక తగ్గాయన్న మాట బలహీనపడుద్ది. కుక్కల సంగతి వేరే తేల్చుకోవాలి.

నల్లమల నాని: మెష్ రెండు మీటర్లకి తగ్గించకు, దుప్పి ఎగిరి దూకుద్ది. తీగ మీద ఓ కన్నేసి ఉంచు, మావైపు రాత్రికి రాత్రే మాయం