స్పీకర్లకి రూమ్ కరెక్షన్ ఆన్ చేస్తే గాయకుడి గొంతు మసకబారుతోంది, ఏం చేయాలి?

కూకట్‌పల్లిలో ఫ్లాట్. హాలు 14 అడుగుల పొడవు, 12 వెడల్పు, కింద టైల్స్, సోఫా వెనక గోడకు ఆనుకొని ఉంది. స్ట్రీమింగ్ యాంప్‌కి (నెట్ నుంచి పాటలు ప్లే చేసే యాంప్లిఫయర్) రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. సోఫాలో కూర్చుంటే మృదంగం ఎడమవైపు దెబ్బ గుమ్ముమని సాగిపోతోంది. కొలిస్తే 40 హెర్ట్జ్ (లోతైన బాస్) దగ్గర శబ్దం 10 డెసిబెల్స్ ఎత్తు. ఈ గది పొడవుకి ఏ బాస్ స్వరం ఎక్కువగా మోగుతుందో లెక్క కట్టినా అదే 40 వస్తోంది.

యాప్‌లో రూమ్ కరెక్షన్ (గది వల్ల మారే ధ్వనిని మైక్‌తో కొలిచి సరిచేసే సెట్టింగ్) మూడుసార్లు చేశాను. ఫోన్ మైకే వాడాను, రాత్రి 11 దాటాక, ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి. గుమ్ము తగ్గింది కానీ గాయకుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పాడినట్టుంది. పైగా మూడుసార్లూ మూడు రకాల గ్రాఫ్‌లు!

తర్వాత కరెక్షన్ తీసేసి ఈక్వలైజర్‌లో నేనే 40 హెర్ట్జ్‌కి మైనస్ 8 డెసిబెల్స్, క్యూ (ఆ తగ్గింపు ఎంత ఇరుకుగా ఉండాలో చెప్పే అంకె) 5 పెట్టాను. ఇది కొంత నయం. గ్రాఫ్‌లో 80 హెర్ట్జ్ దగ్గర కనిపించే గుంతకి 6 డెసిబెల్స్ పెంచినా చలనం లేదు. స్పీకర్లు గోడకు రెండడుగులు ముందుకు జరిపాను, మందపాటి కర్టెన్లూ వేశాం (ఇంట్లోవాళ్లకి అవి మాత్రం నచ్చాయి), బాస్‌లో తేడా లేదు.

యాప్‌లో కరెక్షన్‌ని 300 హెర్ట్జ్ వరకే (అంటే కింది స్వరాలకే) పరిమితం చేసే ఆప్షన్ ఉంది. అలా వాడాలంటే ఫోన్ మైక్ కొలత సరిపోతుందా, లేక విడిగా యూఎస్‌బీ కొలత మైక్ కొనక తప్పదా?