పదిహేను వేలలో ఇంట్లో రికార్డింగ్: ఇంటర్‌ఫేస్ ఏది, సాఫ్ట్‌వేర్ ఏది?

వీణ_గుంటూరు
నమస్తే అండీ. మా అమ్మ వీణ వాయిస్తుంది, నేను పాడతాను. కీర్తనలు ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడదామని మా ఆలోచన. ఇప్పటిదాకా ఫోన్‌తో నెట్టుకొచ్చాం. వీణ దగ్గర పెడితే నా గొంతు వినపడదు, నా దగ్గర పెడితే వీణ పక్కింట్లో వాయిస్తున్నట్టుంటుంది. మైకులు కాకుండా 15 వేలు పెట్టగలను. లాప్‌టాప్ విండోస్, ఐ3, 8 జీబీ. ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో సరిపోతుందా? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏది మంచిది? హెడ్‌ఫోన్స్ ఏవి కొనాలి? అసలు ఒక యూఎస్‌బీ మైక్ కొనేస్తే ఈ తలనొప్పంతా ఉండదా?

కోఠి_కుర్రాడు
సోలో మీకు పనికిరాదు మేడం. దానికి మైక్ సాకెట్ ఒక్కటే. రెండోది గిటార్ లాంటివాటికి, అందులో మామూలు మైక్ పెడితే సరిగ్గా రాదు. మీకు రెండు మైకులు కావాలి కాబట్టి స్కార్లెట్ 2ఐ2 గానీ, బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ గానీ చూడండి. బెరింగర్ చాలా తక్కువలో వస్తుంది, దాన్లో మైడాస్ డిజైన్ ప్రీయాంప్‌లు (మైక్ సిగ్నల్‌ని పెంచేవి) రెండున్నాయి. అందరూ చవగ్గా వస్తుందని చెప్పే యూఎం2 జోలికి పోకండి. అది కూడా ఒక్క మైకే, పైగా 16 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉంటుందో), 48 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకి 48 వేలసార్లు కొలవడం) దగ్గరే ఆగిపోతుంది. మా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ షాపుల్లో అడిగితే ముందు యూఎం2నే చేతిలో పెడతారు, అదే స్టాకు ఎక్కువుంటుంది కాబట్టి.

పాడ్‌కాస్ట్_పంతులు
ఇంటర్‌ఫేస్ తర్వాత సంగతి. ముందు ఫ్యాన్ ఆపి కూర్చోగలరా? గుంటూరు మేలో? నేను కండెన్సర్ మైక్ (చిన్న చప్పుడు కూడా పట్టే రకం) కొన్న మొదటి రోజు ఫ్యాను, ఫ్రిజ్, కింద ఇంటివాళ్ళ కుక్కర్, వీధి చివర గుడి మైకు... అన్నీ నాకన్నా స్పష్టంగా రికార్డయ్యాయి. గోడలకి గుడ్ల ట్రేలు కొట్టమని ఎవడో చెప్తే కొట్టాను. గదిలో కాస్త ప్రతిధ్వని తగ్గిందేమో గానీ బయటి మోత ఇసుమంత కూడా ఆగలేదు, ఆపదు కూడా. దానికన్నా బట్టల బీరువా తలుపులు బార్లా తీసి, ఆ చీరల వైపు మొహం పెట్టి పాడండి. వెనకాల మంచం మీద రజాయి నిలబెట్టండి.

స్టూడియో_మాస్టారు
ఇక్కడ పిల్లలంతా ఏదేదో చెప్తున్నారు. నేను క్యాసెట్ల కాలం నుంచి ఈ ఫీల్డులో ఉన్నవాణ్ణి. స్పూల్ టేపు బ్లేడుతో కోసి అతికించిన చేతులివి. వీణ లాంటి వాద్యానికి 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ తప్పనిసరి. 48లో రికార్డు చేస్తే గమకంలో సన్నదనం పోతుంది. చెవి ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

గోదారి_గిటార్
మాస్టారూ, 48లో తీస్తే అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం వస్తుంది. మనిషి చెవి, అదీ కుర్రతనంలో, 20 దాకా. వయసు మీద పడితే ఇంకా తక్కువ. 192లో మీరు 96 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటే వినేది గబ్బిలాలు. గమకం జరిగేది వందల హెర్ట్జ్‌లో, దానికీ దీనికీ ఏం సంబంధం?

స్టూడియో_మాస్టారు
పుస్తకం చదివి మాట్లాడటం వేరు బాబూ, కన్సోల్ ముందు కూర్చోవడం వేరు.

గోదారి_గిటార్
సరే, కన్సోల్ లెక్కే చేద్దాం. 24 బిట్ మోనో, 48లో నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ. 192లో 34.5 ఎంబీ. రెండు మైకులు, పదిహేను నిమిషాల రాగం తానం పల్లవి, నాలుగు టేకులు అంటే నాలుగు జీబీ పైనే. ఆమెది ఐ3, 8 జీబీ. రెండు ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో వేసుకునే ఎఫెక్టులు) వేస్తే లాప్‌టాప్ దండం పెడుతుంది. ఇదంతా చివరికి యూట్యూబ్ కుదించేశాక వినిపించడానికా?

డప్పు_దరువు
లొల్లి మధ్యల నాదొక మాట. నేను డప్పు రికార్డు చేస్త. గెయిన్, అంటే మైక్ సౌండు పెంచే గుండీ, సున్నా దగ్గర పెట్టినా ఎర్రలైటే, సౌండు పగులుతది. మంట మీద కాచి తెచ్చిన డప్పు, ఇంట్ల నాలుగు గోడల మధ్య కొడితే ఎట్లుంటదో మీకు తెలుసు. యూఎంసీ202కి ముందల ప్యాడ్ బటన్ ఉంటది, వచ్చే సౌండు తగ్గిస్తది, అది నొక్కితే బతికిన. కొనేటోళ్ళు ప్యాడ్ ఉందా లేదా చూసుకోండ్రి, ఎవ్వరూ చెప్పరు ఈ ముచ్చట.

కోఠి_కుర్రాడు
ఇది మంచి పాయింట్ అన్నా. మైక్ ఏంటి?

డప్పు_దరువు
ఎస్ఎం57. మూడడుగుల దూరం.

ఫ్రిస్కో_బావ
సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. రీపర్ పెట్టుకోండి, ఇంకేదీ వద్దు. పాటలు వినే పాత ప్లేయర్ విన్‌యాంప్ గుర్తుందా? అది రాసినాయనే దీన్నీ రాశాడు. ఇన్‌స్టాలర్ చిన్నది, ఐ3 మీద హాయిగా నడుస్తుంది. 60 రోజులు అన్ని ఫీచర్లతో వాడుకోవచ్చు, నచ్చితే లైసెన్స్ 60 డాలర్లు. మనలాంటి ఇంటి రికార్డింగులవాళ్ళకి ఆ ధర, పెద్ద సంపాదన ఉన్న స్టూడియోలకి 225. ఇంటర్‌ఫేస్ మాత్రం ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే తెప్పించుకోండి, యూఎస్‌బీ పవరే కాబట్టి ఓల్టేజీ గొడవ లేదు. వారంటీ ఇండియాలో నడుస్తుందో లేదో ముందే చూసుకోండి.

సందులో_సింగర్
60 రోజుల తర్వాత కూడా రీపర్ ఆగదు కదా? ఓపెన్ చేసినప్పుడు కాసేపు గుర్తుచేస్తుంది అంతే. మరి డబ్బులెందుకు?

ఫ్రిస్కో_బావ
తాళం వేయలేదని ఎవరింట్లోనైనా దూరిపోతామా?

సందులో_సింగర్
డాలర్లలో జీతం వచ్చేవాళ్ళకి నీతులు బాగానే ఉంటాయి. మాకు 60 డాలర్లంటే ఐదు వేలు దాటుతుంది. నేనైతే ఎఫ్ఎల్ స్టూడియో క్రాక్ (డబ్బు కట్టని దొంగ కాపీ) వేసుకున్నా, అన్నీ వస్తాయి.

గోదారి_గిటార్
అన్నీ వస్తాయి, నిజమే. మా ఫ్రెండుకి క్రాక్‌తో పాటు వచ్చినది ఫోల్డర్లన్నిటికీ తాళం వేసింది. పెళ్ళి పాటల ప్రాజెక్టులు మొత్తం పోయాయి. అయినా ఎఫ్ఎల్ కొనాలన్నా అందులో చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేయడం కుదరదు. బీట్లు చేసుకునేవాళ్ళకి బాగుంటుంది, ఆమె పనికి కాదు.

అడ్మిన్
క్రాక్ లింకులు గానీ, ఎక్కడ దొరుకుతాయన్న ఊసు గానీ ఇక్కడ వద్దు. డబ్బుల దెప్పిపొడుపులు కూడా ఆపండి, రెండు వైపులా.

కోఠి_కుర్రాడు
పూర్తి ఫ్రీ కావాలంటే కేక్‌వాక్. గిబ్సన్ వాళ్ళు 2017లో దాన్ని ఆపేస్తే బ్యాండ్‌ల్యాబ్ వాళ్ళు తీసుకుని 2018లో ఉచితంగా వదిలారు. ఇప్పుడు కేక్‌వాక్ సోనార్‌లోనే ఉచిత వెర్షన్ ఉంది. విండోస్‌లోనే నడుస్తుంది, మేడంకి అదే కాబట్టి ఇబ్బంది లేదు. ఆడాసిటీ కూడా చెడ్డదేం కాదు. ఒక్క గొంతు, కథ చదవడం లాంటి వాటికి చాలు. రెండు ట్రాకులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలంటే చెయ్యి తిరగదు.

వీణ_గుంటూరు
అందరికీ థాంక్స్. కానీ నా యూఎస్‌బీ మైక్ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, హెడ్‌ఫోన్స్ సంగతీ అంతే. ఇంకొకటి, 48 ఓల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకి కేబుల్‌లోనే వెళ్ళే కరెంటు) ఆన్ చేస్తే మామూలు మైక్ కాలిపోతుందని షాపులో భయపెట్టారు. మా దగ్గర పాత ఎస్ఎం58 ఒకటుంది.

స్టూడియో_మాస్టారు
కాలిపోతుంది. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్‌కి ఫాంటమ్ ఎప్పుడూ ఇవ్వకూడదు. ఇది ఏబీసీడీ.

గోదారి_గిటార్
కాలదు! ఎస్ఎం58కి సరైన ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల మైక్) కేబుల్ ఉంటే ఆ 48 ఓల్టులు రెండు వైర్ల మీదా సమానంగా వస్తాయి, కాయిల్‌లో కరెంటు ప్రవహించదు. ప్రమాదం పాత రిబ్బన్ మైకులకి (లోపల సన్నటి లోహపు పట్టీ ఉండేవి), లేదా తెగిన కేబుల్ వాడితే. యూఎంసీ202లో 48 ఓల్టుల స్విచ్ వెనకాల ఒక్కటే ఉంటుంది, రెండు సాకెట్లకీ కలిపి. కండెన్సర్ వీణకి, ఎస్ఎం58 గొంతుకి పెడితే రెండింటికీ వెళ్తుంది. ప్రపంచమంతా రోజూ అలాగే వాడుతోంది.

స్టూడియో_మాస్టారు
నువ్వు ఎన్ని రిబ్బన్ మైకులు చూశావు జీవితంలో?

గోదారి_గిటార్
ఆమె దగ్గర ఉన్నది రిబ్బన్ కాదు కదండీ!

పాడ్‌కాస్ట్_పంతులు
ఇద్దరూ కాస్త నీళ్ళు తాగండి. మైక్ పెట్టేముందు, తీసేముందు ఫాంటమ్ ఆపేయండి, స్పీకర్లో ఢామ్మని మోగకుండా ఉంటుంది. అంతకుమించి భయం అక్కర్లేదు.

అలివేలు_వీణ
నేనూ వీణే అమ్మాయ్, అందుకని చెప్తున్నా. యూఎస్‌బీ మైక్ ఒకటి కొంటే ఒక్క ట్రాకే వస్తుంది, ఫోన్‌లో వచ్చిన బాధే మళ్ళీ వస్తుంది. రెండు కొని ఒకే లాప్‌టాప్‌కి పెట్టాలంటే విండోస్‌తో పోట్లాట. అందుకే ఇంటర్‌ఫేస్. ఇక వీణ దగ్గర మైక్ కుండ మీద నేరుగా గురిపెట్టొద్దు, బొంగురుగా వస్తుంది. ఒక అడుగు పైన, మెట్లు అయిపోయి మీటు పడే చోటుకీ కుండకీ మధ్య చూస్తున్నట్టు పెట్టు. మరీ దగ్గరగా పెడితే మీటు గోరు టిక్కుటిక్కుమని వినిపిస్తుంది, ఎడమచెయ్యి తీగ మీద జారే చప్పుడు కూడా. కాంటాక్ట్ పికప్ అంటించే వాళ్ళున్నారు, కచేరీలో ఫీడ్‌బ్యాక్ రాకుండా పనికొస్తుంది గానీ రికార్డింగ్‌లో పనస చెక్క వాసన రాదు. లెవెల్ పెట్టేటప్పుడు అనుపల్లవిలో తారస్థాయికి వెళ్ళి పాడి చూసుకో, అక్కడ మీటరు మైనస్ 10 దాటకుండా ఉంచు. మంద్రంలో పాడుతూ లెవెల్ పెట్టుకున్నవాళ్ళందరికీ చరణంలో పగులుతుంది. 24 బిట్ అయితే తక్కువ లెవెల్‌లో తీసినా తర్వాత పెంచుకోవచ్చు, ఉస్సుమనే హిస్ పెద్దగా రాదు. నన్నడిగితే ఆ 192 కన్నా ఇదే ముఖ్యం.
హెడ్‌ఫోన్స్ చెవి మొత్తం మూసేవి కొనుక్కో. తంబూరా యాప్ చెవిలో మోగుతుంటే అది మైక్‌లోకి కారకూడదు.

స్టూడియో_మాస్టారు
అమ్మగారు చెప్పిన మైక్ పొజిషన్ కరెక్టే. 192 మాటకి మాత్రం నేను కట్టుబడే ఉన్నా.

డప్పు_దరువు
నాకొక డౌటు. లాప్‌టాప్ చార్జింగ్ పెట్టంగనే హెడ్‌ఫోన్ల "జుయ్య్" అని వస్తది. ఇనుప మైక్ స్టాండు ముట్టుకుంటే తగ్గుతది. ఇంటర్‌ఫేస్ ఖరాబైందా?

కోఠి_కుర్రాడు
ఇంటర్‌ఫేస్ బాగానే ఉంది. ముట్టుకుంటే తగ్గుతోందంటే మీ ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా లేనట్టుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడు. పోతే అదే. పాత ఇళ్ళల్లో ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ ఎప్పుడో వేసి మర్చిపోయి ఉంటారు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టమని ఎవరైనా చెప్తే మాత్రం వినకు, షాకు కొడుతుంది.

వీణ_గుంటూరు
యూఎంసీ202హెచ్‌డీ తీసుకున్నాను. రీపర్ పెట్టాను. ఒకటే సమస్య, నా గొంతు ఎడమ చెవిలో, అమ్మ వీణ కుడి చెవిలో మాత్రమే వస్తున్నాయి. పైగా రివర్బ్ (ప్రతిధ్వని) ప్లగిన్ వేయగానే చిటపటలు.

ఫ్రిస్కో_బావ
రెండు ఇన్‌పుట్‌లూ కలిపి ఒకే స్టీరియో ట్రాక్‌లోకి తీసుకున్నారు. రెండు ట్రాకులు పెట్టండి. ఒకదానికి మోనో ఇన్‌పుట్ 1, రెండోదానికి మోనో ఇన్‌పుట్ 2. అప్పుడు రెండూ మధ్యలో వస్తాయి, కాస్త అటూ ఇటూ మీరే జరుపుకోవచ్చు. చిటపటలకి: డివైస్ సెట్టింగ్స్‌లో బెరింగర్ వాళ్ళ సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ (సౌండు ఆలస్యం తగ్గించేది) ఎంచుకున్నారా? ఏఎస్ఐఓ4ఆల్ అనే వేరే డ్రైవర్ ఉంటే తీసేయండి. రికార్డింగ్‌కి బఫర్ (లాప్‌టాప్ సౌండుని ఒక్కోసారి తీసుకునే ముక్క సైజు) 128 పెట్టి, పాడేటప్పుడు రివర్బ్ ఆపేసి, ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ (మైక్ సౌండు లాప్‌టాప్ దాకా వెళ్ళకుండా నేరుగా వినిపించేది) నొక్కి వినండి. మిక్సింగ్‌కి వచ్చాక బఫర్ 1024 చేయండి, ఆలస్యం అయినా అప్పుడు ఎవరికీ పట్టదు.

గోదారి_గిటార్
128 అంటే 48లో 2.7 మిల్లీసెకండ్లు. రానూపోనూ డ్రైవర్ తాలూకు ఆలస్యం కూడా కలిస్తే ఇంకొంచెం ఎక్కువే, అయినా తేడా తెలియదు.

స్టూడియో_మాస్టారు
అదే 128 బఫర్ 192లో పెడితే ఒక మిల్లీసెకండు కూడా ఉండదు. చూశారా?

గోదారి_గిటార్
లాప్‌టాప్ బతికుంటే.

డప్పు_దరువు
చార్జర్ పీకిన, జుయ్య్ పోయింది. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తనన్నడు.