కెల్లీ రెప్ టెస్ట్‌లో ముగ్గురే ఎందుకు?

పీజీ_కష్టాలు: ఎమ్మే సైకాలజీ చదువుతున్నా, జార్జ్ కెల్లీ 1955లో చెప్పిన పర్సనల్ కన్‌స్ట్రక్ట్ థియరీ దగ్గర ఆగిపోయా. అందులోని రెప్ టెస్ట్‌లో తెలిసినవాళ్ళు ముగ్గుర్ని తీసుకుని ఏ ఇద్దరికి పోలిక, మూడోవాళ్ళెలా వేరు అని అడుగుతారు కదా, ఇద్దరితో సరిపోదా? పిల్లల ఆలోచనల మీద పనిచేసిన పియాజేకి దీనికి లింకేంటి?

రాత్రిపిట్ట: కన్‌స్ట్రక్ట్‌కి, అంటే మనుషుల్ని అంచనా వేయడానికి మనం వాడే కొలమానానికి, రెండు కొసలుండాలంటాడు కెల్లీ. పోలికా తేడా ఒకేసారి రావాలంటే కనీసం ముగ్గురు కావాలి. అమ్మా మేనమామా "మాట పడరు", లెక్కల సార్ "సర్దుకుపోతారు" అన్నారనుకోండి, అది వాళ్ళ గురించి కంటే మీరు మనుషుల్ని ఎలా కొలుస్తారో చెప్తుంది. ఇంకొకరు "మాట పడరు"కి ఎదురు "ప్రేమగా ఉంటారు" అనొచ్చు, అసలు మజా అక్కడే.

గోదారోడు: పియాజేది ఎదుగుదల గురించండీ, పిల్లలు కొత్తదాన్ని ఉన్న స్కీమాలో, అంటే మనసులోని ఆలోచనా చట్రంలో, ఇముడ్చుకుంటారు, ఇమడకపోతే స్కీమానే మార్చుకుంటారు. కెల్లీ అయితే ప్రతి మనిషీ ఊహించి సరిచూసుకునే సైంటిస్టే అన్నాడు, పియాజేలా వయసు స్టేజీల గొడవ లేదు. ఎమోషన్స్‌ని మరీ తేలిగ్గా తీసుకున్నాడని విమర్శ ఉంది, నాకూ అదే అనిపిస్తుంది.

పీజీ_కష్టాలు: థాంక్సండీ. ఫిక్స్‌డ్ రోల్ థెరపీ కూడా ఇందులోదేనా?

రాత్రిపిట్ట: ఆ, ఇదే. కొత్త మనిషి పాత్ర ఒకటి రాసిచ్చి కొన్నాళ్ళు అలా ఉండి చూడమంటారు. పరీక్షలో అడిగితే రెప్ టెస్ట్‌తో కలిపి రాయండి.