నికాన్ డీ5600కి మొదటి ప్రైమ్ లెన్స్: 35 ఎంఎం తీసుకోవాలా, 50 ఎంఎం తీసుకోవాలా?

కొత్త_కెమెరా
అందరికీ నమస్కారం. నా దగ్గర డీ5600, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పాపని తీస్తే అయితే కదిలిపోతోంది, లేదంటే ఫోటో నిండా నాయిస్ (రవ్వలు). వెలుతురు ఎక్కువ లాగే ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఒకటి కొందామనుకుంటున్నాను. 35 డీఎక్స్, 50 జీ, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. పాపకి ఆరో నెల నడుస్తోంది, వచ్చే నెల అన్నప్రాశన. రెండూ కొనే బడ్జెట్ లేదు. వాడినవాళ్లు చెప్పండి.

గోదారి_ఫ్రేమ్స్
ముందు మీ హాలు కొలవండి, లెన్స్ సంగతి తర్వాత చూద్దాం. మీ కెమెరా సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సార్) కంటే చిన్నది కాబట్టి 1.5 రెట్ల లెక్క వేసుకోవాలి. 35 పెడితే 52లా, 50 పెడితే 75లా కనిపిస్తుంది. చెప్పుకోవడానికి 15 ఎంఎం తేడానే, గదిలో నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది. 10 అడుగుల దూరం నుంచి కెమెరా నిలువుగా పట్టుకుంటే 50లో పడేది నాలుగున్నర అడుగుల పైచిలుకు ఎత్తు. అదే చోటు నుంచి 35లో ఆరున్నర అడుగులు దాటుతుంది. 50తో మనిషిని నిలువెత్తున తీయాలంటే పన్నెండు, పదమూడు అడుగులు వెనక్కి వెళ్లాలి. ఫ్లాట్‌లో అంత వెనక్కి ఎక్కడికి వెళ్తారు? వీపు గోడకి ఆనుతుంది.

అన్నప్రాశనలో మేనమామ ఒళ్లో పాప, పక్కన అమ్మమ్మ, ముందు పీట మీద పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బులు, పూలు ఉంటాయి. పాప పాక్కుంటూ వెళ్లి దేన్ని పట్టుకుంటుందో, అది చూసి పెద్దవాళ్ల ముఖాలు ఎలా మారతాయో, రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి. ఆ ఫోటో ఒక్కసారే దొరుకుతుంది. కళ్లు మూసుకుని 35 తీసుకోండి.

హనుమకొండ_క్లిక్
అన్న చెప్పిన లెక్క కరెక్టే, కానీ 50కి అన్యాయం జరుగుతోంది. మన హాళ్లల్లో టీవీ, ఫ్రిజ్, బట్టలారేసే స్టాండు, గోడకి రెండు క్యాలెండర్లు ఉంటాయి. పాప ముఖం ఫ్రేమ్‌లో ఒకే సైజులో వచ్చేలా రెండు లెన్సులతోనూ ఎఫ్ 1.8లో తీసి చూడండి. షార్ప్‌గా ఉండే లోతు రెండింటిలోనూ దాదాపు ఒకటే. వెనకాల మాత్రం చాలా మారిపోతుంది. 50లో వెనక భాగం తక్కువ పడుతుంది, పడిన కాస్తా బాగా కరిగిపోతుంది. ఫ్రిజ్ కాస్తా తెల్లటి మరక అయిపోతుంది. 35లో అది ఫ్రిజ్ అని తెలుస్తూనే ఉంటుంది.

ఇంకోటి. తల, భుజాల వరకు తీయాలంటే 35తో రెండున్నర అడుగుల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరైతే పెద్దవాళ్ల ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. అది దూరం వల్ల వచ్చేది, లెన్స్ తప్పు కాదు. 50తో మూడున్నర అడుగుల్లో నిలబడతాం, ముఖం హాయిగా ఉంటుంది. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో తీసిన వాటిలో అందరూ అడిగి మరీ ప్రింట్లు తీసుకున్నది 50తో తీసిన ముఖాలే.

గోదారి_ఫ్రేమ్స్
ముఖాల వరకు మీతో నేనూ ఒప్పుకుంటాను, తమ్ముడూ. కానీ ఇంటి సామాను కరిగిపోవడం అన్నిసార్లూ మంచిదని అనుకోను. ఆ ఫ్రిజ్, ఆ క్యాలెండరు, అమ్మమ్మ స్టీలు డబ్బాలు, పాప పెద్దదయ్యాక వెతుక్కునేది వాటినే. అదీగాక పాపని ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో తీయాలంటే? 35 ముప్పై సెంటీమీటర్ల నుంచి ఫోకస్ పడుతుంది. 50కి 45 కావాలి, చెయ్యి అంత వెనక్కి సాగదు.

కొత్త_కెమెరా
ఇద్దరికీ థాంక్స్ అండి. తెలిసినాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ 50 ఎంఎం 1.8 డీ ఉందట, చాలా తక్కువకి ఇస్తానంటున్నారు. అది తీసుకోవచ్చా?

విశాఖ_తీరం
ఆగండి! ఆ డీ లెన్స్‌లో ఫోకస్ మోటార్ ఉండదు. డీ90, డీ7000 లాంటి వాటిల్లో మోటార్ బాడీలోనే ఉంటుంది కాబట్టి వాటి మీద ఆటోఫోకస్ పనిచేస్తుంది. డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఆ మోటార్ లేదు. మీ డీ5600 మీద ప్రతి ఫోటోకీ రింగు చేత్తో తిప్పుకోవాలి. అయిదడుగుల దూరంలో ఎఫ్ 1.8లో షార్ప్‌గా ఉండేది ఆరేడు సెంటీమీటర్లే. పాకే పిల్లతో అది జరిగే పని కాదు. 50 జీలో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది, పేరు చివర జీ ఉందో లేదో చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో జీ దొరికితే మంచిదే. ఒక సంగతి మాత్రం మరవకండి. రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి పక్కవాటుగా చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్. మా సముద్రపు గాలికి బీరువాలో పెట్టి వదిలేసిన లెన్సులకి ఇది మామూలే. అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

డాలస్_నుంచి
ఒక మాట. "మొదటి ప్రైమ్ అంటే 50 కొనాలి" అనే సలహా ఫిల్మ్ రోజుల నుంచి వస్తోంది. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ లైకా ఫిల్మ్ కెమెరా మీద ఎక్కువగా వాడింది 50నే, నిజమే. కానీ ఆ 50 చూపు మీ డీ5600 మీద కావాలంటే పెట్టాల్సింది 35. ఇది తెలియక 50 కొని, గదిలో ఇరుక్కుపోయినవాళ్లని చాలామందిని చూశాను.

మా మాటలు నమ్మడం కంటే మీ కిట్ లెన్స్‌నే అడగండి. జూమ్ రింగుని 35 దగ్గర పెట్టి చిన్న టేపు ముక్క అంటించి రెండు మూడు రోజులు తీయండి. తర్వాత 45కి, 55కి మధ్యలో అంటించి అలాగే తీయండి. వెలుతురు సంగతి పక్కన పెట్టి, ఎక్కడ ఊపిరాడలేదో చూసుకోండి. పాత ఫోటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ కూడా చూడండి. సగానికి పైగా 18, 20 దగ్గరే ఉంటే మాత్రం మీకు 35 కూడా ఇరుకే.

ముందు ముందు ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే 50 జీ అక్కడా పూర్తిగా పనికొస్తుంది. 35 డీఎక్స్ చిన్న సెన్సార్ కోసం చేసింది.

నెల్లూరు_కెనాన్
ఇది చదివే కెనాన్ వాళ్ల కోసం: మన ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) లెక్క 1.6. చవగ్గా వస్తుందని అందరూ కొనే 50 ఎస్‌టీఎం మనకి 80 అవుతుంది. ఇంట్లోకైతే ఈఎఫ్-ఎస్ 24 ఎఫ్ 2.8 చూడండి. 125 గ్రాములే, బిస్కెట్‌లా పల్చగా ఉంటుంది. వెలుతురు మాత్రం 1.8 అంత రాదు.

కొత్త_కెమెరా
టేపు అంటించి చూశాను. మా హాలు పొడుగు వైపు 11 అడుగులు. 50 దగ్గర పాప ఒక్కతే అయితే అద్భుతం, వాళ్లమ్మ కూడా ఫ్రేమ్‌లోకి రావాలంటే నేను వంటింట్లోకి వెళ్లాల్సి వచ్చింది. 35 ఆర్డర్ పెట్టేశాను. హనుమకొండ అన్నా, ముఖాల కోసం 50 తర్వాత తప్పకుండా కొంటాను. అన్నప్రాశన రోజుకి సెట్టింగులు ఏం పెట్టుకోవాలో కూడా చెప్పరా?

హనుమకొండ_క్లిక్
తప్పకుండా తమ్ముడూ, మంచి లెన్సే తీసుకున్నవ్. పాప ఒక్కతే ఉంటే ఎఫ్ 2, ఫోకస్ పాయింట్‌ని కెమెరాకి దగ్గరున్న కన్ను మీద పెట్టు. ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పుడు ఎఫ్ 2.8. చుట్టాలు రెండు వరుసల్లో నిలబడితే ఎఫ్ 4 కంటే కిందికి దిగొద్దు, లేకుంటే వెనక వరుస మసకబారుతుంది. ఈ లెన్స్‌లో వీఆర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, ఉన్నా పిల్లల కదలికని అది ఆపదు. అందుకని ఆటో ఐఎస్ఓ (వెలుతురుని బట్టి కెమెరాయే సెన్సిటివిటీ పెంచుకునేది) పెట్టి, మినిమమ్ షట్టర్ స్పీడ్ 1/200కి తగ్గకుండా చూసుకో. ఐఎస్ఓ 3200 వరకు పెరిగినా భయపడకు. పీట వేసే ముందే కిటికీ ఎటుందో చూసి, వెలుతురు పాప ముఖం మీద పడేటట్టు వేయించు. పూజ మొదలయ్యాక జరపమంటే ఎవరూ వినరు.