కొత్త రోగం సంగతి ముందుగా బయటపెట్టిన దేశాన్ని కాపాడే చట్టం లేదా?

జోబర్గ్ అక్క:
నమస్తే అండీ. నేను దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో ఉంటాను. 2021 నవంబర్ 25న ఇక్కడి సైంటిస్టులు కొత్త కోవిడ్ రకం బయటపడిందని టీవీలో చెప్పారు. జన్యు వివరాలు కూడా దాచలేదు. ఆ సాయంత్రమే బ్రిటన్ ప్రయాణ ఆంక్షలు ప్రకటించింది. నాలుగు రోజుల్లో గల్ఫ్ మీదుగా వెళ్లే దారీ మూసుకుపోయింది. తెనాలిలో తమ్ముడి పెళ్లిని ఫోన్‌లోనే చూశాను. అది పోనివ్వండి. నెదర్లాండ్స్‌లో నవంబర్ 19నే తీసిన శాంపిల్‌లో అదే రకం, అంటే ఒమిక్రాన్, ఉందని తర్వాత తేలింది. అంటే ముందు చెప్పినవాళ్లకే దెబ్బ! రోగం సంగతి చెప్పి తీరాలనే చట్టం ఉన్నప్పుడు, చెప్పినవాళ్లకు రక్షణ ఉండొద్దా?

వరంగల్ డాక్టర్:
ఉందమ్మా, కానీ బలహీనంగా ఉంది. 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, వేరే దేశాలకు ముప్పు కాగల సంఘటన అని తేల్చుకున్న 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి (డబ్ల్యూహెచ్ఓ) తెలపాలి. మన తరఫున ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) ఆ పని చేస్తుంది. మీరడిగిన రక్షణ ఆ నిబంధనల్లోనే 43వ అధికరణలో ఉంది. ప్రయాణికులను రానివ్వని దేశం 48 గంటల్లో ఆ సంగతి తెలపాలి, శాస్త్రీయ కారణం చూపాలి. మళ్లీ ఆలోచించండని డబ్ల్యూహెచ్ఓ అడగొచ్చు. అంతే, జరిమానా వేసే అధికారం దానికి లేదు. 2025 సెప్టెంబర్ 19న అమల్లోకి వచ్చిన సవరణల్లోనూ అది రాలేదు.

సిరిసిల్ల పద్మశాలి:
1994లో ఇదే చూశాం అక్కా. నాన్న సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ప్లేగు అనగానే సామానంతా వదిలేసి ఊరికొచ్చేశాం. ఆంక్షలు అక్కర్లేదని డబ్ల్యూహెచ్ఓ అన్నా కొన్ని దేశాలు మన విమానాలు ఆపేశాయి, సరుకులు వద్దన్నాయి. అప్పుడు చట్టమే లేదా డాక్టరు గారూ?

వరంగల్ డాక్టర్:
ఉంది, 1969 నాటిది. ప్లేగు వస్తే గరిష్ఠంగా ఏ చర్యలు తీసుకోవచ్చో అందులో రాసే ఉంది. అయినా హద్దు దాటారు, అడిగినవాళ్లు లేరు. ఇలాంటివి చూసిన ఆరోగ్యశాఖ అధికారి ఎవరైనా తర్వాతిసారి రోగం సంగతి చెప్పడానికి ఫోన్ ఎత్తేముందు తటపటాయిస్తాడు. నాకు భయం అక్కడే.

జోబర్గ్ అక్క:
యూరప్‌లో వాళ్లలో వాళ్లకైనా మెరుగ్గా ఉందా?

వరంగల్ డాక్టర్:
కొంత నయం. 2022లో చేసిన యూరోపియన్ యూనియన్ (ఈయూ) చట్టం ప్రకారం సభ్యదేశాలు రోగం సంగతి 24 గంటల్లో ఉమ్మడి హెచ్చరిక వ్యవస్థలో పెట్టాలి. ఏ చర్యైనా తీసుకునేముందు, మరీ అత్యవసరమైతే తప్ప, మిగతావాళ్లతో మాట్లాడాలి. 43వ అధికరణలో కూడా ఈ "ముందు మాట్లాడాలి" అన్నది రావాలని నా పట్టుదల. ఆంక్ష పెట్టాక 48 గంటలకు చెబితే, అప్పటికే మీలాంటివాళ్లు ఎయిర్‌పోర్ట్‌లో చిక్కుకుపోయి ఉంటారు.