అప్‌డేట్: 67పి తోకచుక్క ఫొటోని స్పేస్‌షిప్ చేసేశాం

మొన్న అడిగాను కదండీ, రోసెట్టా అనే వ్యోమనౌక తీసిన 67పి తోకచుక్క ఫొటో చూసి మా అక్క కూతురు ఇది స్పేస్‌షిప్పే అని కథ రాస్తోంది, ఇంజన్ ఎక్కడ పెట్టాలి అని. బొమ్మ చాలా బాగొచ్చింది. ఈ తోకచుక్క రెండు తలలు అతుక్కున్నట్టు ఉంటుంది, ఆ రెండు తలల మధ్య మెడ దగ్గర పెట్టమన్నవాళ్ళకి థాంక్స్ అండి, ఎండ తగిలితే ఐసు ఆవిరై గ్యాసు, దుమ్ము అక్కణ్ణుంచి నిజంగానే చిమ్ముతాయి, పైగా 2015లో సూర్యుడి దగ్గరికెళ్ళొచ్చేసరికి ఆ చిమ్ముడుకే అది తన చుట్టూ తాను ఒకసారి తిరిగే టైం 20 నిమిషాల దాకా తగ్గిపోయింది, ఇంకేం కావాలి ఇంజన్‌కి!

సైజు చెప్తే పాప నమ్మలేదు. పెద్ద తల ఒక్కటే 4 కిలోమీటర్లు, మన ప్రకాశం బ్యారేజీలు మూడు వరసగా పెట్టినా ఇంకా మిగుల్తుంది. బ్యారేజీ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిపించా, ఇంటికొచ్చి చార్టు మీద తలుపులన్నీ రబ్బరుతో చెరిపి చిన్న చుక్కల్లా మళ్ళీ వేసింది.

నాకు బాగా నచ్చింది ఫిలే. 2014 నవంబర్ 12న దిగి, ఎగిరెగిరి పడి నీడలో ఇరుక్కుపోయిన రోసెట్టా ల్యాండర్ (తోకచుక్క మీద దిగడానికి పంపిన చిన్న నౌక), 2016 సెప్టెంబర్‌లో గానీ ఫొటోలో దొరకలేదు, కథలో దానికి ఛార్జింగ్ పెట్టేది షిప్పులో వాళ్ళే.

ఇప్పుడు రంగు దగ్గర ఆగాం. అసలుది బాగా నలుపు, పడిన వెలుగులో దాదాపు 6 శాతమే తిప్పి పంపుతుంది, తనేమో నీలం అంటోంది, నేనైతే నలుపే ఉంచమంటున్నా.